కంచె మీద తిప్పతీగ, చెట్టు కింద రాలిన బత్తాయి: ఎరెబిడే పురుగుల కుటుంబం

ఈసారి వీడియో రాత్రిపూట తీసింది, చీకటిగా ఉంటుంది, కొంచెం సర్దుకోండి. అందులో మాటలు తక్కువ, టార్చిలైటు ఎక్కువ. అందుకే విషయం మొత్తం ఇక్కడ రాస్తున్నా.

ముందు ఒక మాట వెనక్కి తీసుకోవాలి. రెండేళ్ల కింద కంచెల మీద పెట్టిన వీడియోలో, "కంచె నిండా తిప్పతీగ ఎక్కించండి, కషాయానికి ఆకు, అమ్ముకోవడానికి కాడ, రెండూ వస్తాయి" అని చెప్పాను. చాలామంది ఎక్కించారు, ఫోటోలు కూడా పంపారు. బత్తాయి, నిమ్మ, దానిమ్మ, జామ తోటలు ఉన్నవాళ్లు ఆ మాట పక్కన పెట్టేయండి. ఎందుకో చెప్తా.

మాది నల్గొండ జిల్లా, 4 ఎకరాల బత్తాయి. కరోనా టైములో తిప్పతీగకు గిరాకీ ఎట్లా పెరిగిందో మీకు తెలుసు. కాడ కోసి, నీడలో ఎండబెట్టి, పొడి చేసి ప్యాకెట్లు అమ్మాను. తోట మొదటిసారి నష్టం చూపించిన ఏడాది ఇల్లు గడిపింది ఆ పొడే. కాబట్టి ఆ తీగ మీద నాకు కోపం లేదు, ఇష్టమే ఉంది. కంచె పొడుగునా వేపచెట్లకు, కానుగలకు నేనే ఎక్కించాను.

పోయిన సీజన్‌లో సెప్టెంబరు, కాయ రంగు తిరిగే టైము. చెట్ల కింద కాయ రాలడం మొదలైంది. తీసి చూస్తే పెద్ద దెబ్బ ఎక్కడా కనపడదు. సూది గుచ్చినంత రంధ్రం, చుట్టూ గోధుమ రంగు మచ్చ. అక్కడ వేలు పెడితే మెత్తగా దిగిపోతుంది, నొక్కితే రంధ్రంలోంచి రసం చిమ్ముతుంది. నేను పండు ఈగ అనుకున్నా. ఈగ బుట్టలు కట్టాను. నీమాస్త్రం కొట్టాను, వారం ఆగి దశపర్ణి కొట్టాను. ఆ దశపర్ణిలో పడిన తిప్పతీగ ఆకు మా కంచె మీద కోసిందే. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, అప్పుడు రాలేదు. పొద్దున లేచేసరికి చెట్టు కింద మళ్లీ కాయలు.

ఒకరోజు మా చిన్నాయన రాలిన కాయను అడ్డంగా కోసి నా ముందు పెట్టాడు. "ఒరేయ్, ఈగ పొడిస్తే లోపల తెల్ల పురుగు ఉండాలె గదా. ఏది? ఇండ్ల ఏం లేదు. ఇది రాత్రొచ్చి తాగిపోయే రెక్కల పురుగు పని. మాపటికి లైటు పట్టుకొని రా, చూపిస్త" అన్నాడు. నేను అగ్రికల్చర్ డిప్లొమా చేసినోణ్ణి, ఆయన ఏడో తరగతి. కనిపెట్టింది ఆయనే, చెప్పాల్సింది చెప్పాలి.

రాత్రి 9 దాటాక వెళ్లాం. టార్చి వేస్తే కొమ్మల మధ్య కళ్లు నిప్పుకణికల్లా మెరుస్తున్నాయి. దగ్గరికి పోయినా కదల్లేదు, తాగడంలో అంత మునిగిపోయి ఉంది. రెక్కలు చాస్తే నా అరచేయంత పురుగు. ముందు రెక్కలు ముడుచుకుంటే అచ్చం ఎండిన ఆకు. చిన్నాయన వేలితో కదిపితే వెనక రెక్కలు బయటపడ్డాయి: పచ్చి నారింజ రంగు, మధ్యలో నల్లటి గుండ్రటి చుక్క, అంచుకు నల్ల పట్టీ. వీడియోలో మొదట కనిపించేది అదే. పేరు యూడోసిమా మాటెర్నా. దీని అన్నదమ్ముల్లో ఇంకొకటి యూడోసిమా ఫాలోనియా, దాని వెనక రెక్క మీద చుక్క బదులు కామా లాంటి నల్ల మచ్చ ఉంటుంది. పాత పుస్తకాల్లో ఇవే ఆత్రియిస్ మాటెర్నా, ఆత్రియిస్ ఫుల్లోనియా అని ఉంటాయి. పేర్లు మారాయి, పురుగు అదే.

మామూలు సీతాకోకచిలుక తొండం మెత్తటి గొట్టం. పువ్వులో దూరుతుంది గానీ తొక్కలో దిగదు. ఈ యూడోసిమా తొండం కొన గట్టిగా ఉంటుంది, దాని మీద సన్నటి పళ్లు, కొక్కేలు ఉంటాయి. తొండం అంటే నిజానికి రెండు సగం గొట్టాలు కలిసి ఒకటైనది. ఆ రెండు సగాలనూ ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు ఆడిస్తూ రంపంలా కోసుకుంటూ దిగుతుంది. బత్తాయి తొక్కే కాదు, దానిమ్మ తొక్క కూడా దానికి లెక్క కాదు. అది తాగిన రసం ఎంతో కాదు. అసలు నష్టం అది వదిలిపోయిన రంధ్రం. దాంట్లోంచి బూజు, బ్యాక్టీరియా లోపలికి పోతాయి, నాలుగైదు రోజుల్లో కాయ కుళ్లి రాలుతుంది. సొంతంగా తొక్క పొడవలేని చిన్న పురుగులు కూడా అదే రంధ్రం దగ్గర చేరతాయి. ముందు వచ్చింది బోరు వేస్తే వెనక వచ్చినవి నీళ్లు పట్టుకున్నట్టు.

ఇక్కడ నాకు ఒకటి వెలిగింది. కషాయం ఎందుకు పనిచేయలేదు? మనం ఆకు తినే పిల్లపురుగును చూసి కొట్టడానికి అలవాటుపడ్డాం. ఇది ఆకు తినదు, పిల్లపురుగు అసలు బత్తాయి చెట్టు మీదే లేదు. సాయంత్రం ఎక్కడినుంచో ఎగిరొస్తుంది, తాగి తెల్లారేలోపు పోతుంది. మరి దీని పిల్లలు ఎక్కడ పెరుగుతున్నాయి?

డిప్లొమా నోట్సు అటక మీద ఉంటే దింపాను. నేను చదివింది 2007, 2009 మధ్య. అందులో ఈ పురుగు కుటుంబం నాక్టుయిడే అని నా చేతిరాతలోనే ఉంది. పరీక్షకు అది చాలు, తోటకు చాలదు. నాక్టుయిడే అంటే నాకు గుర్తొచ్చేది శనగపచ్చ పురుగు, పొగాకు లద్దె పురుగు, ఇప్పుడు మొక్కజొన్నలో కత్తెర పురుగు. వాటి తీరు వేరు, దీని తీరు వేరు. తర్వాత చదివితే తెలిసింది, నా నోట్సులోని ఆ కుటుంబాన్ని శాస్త్రవేత్తలు అప్పటికే విప్పి మళ్లీ కడుతున్నారని. 2005, 2006లో లాఫొంటెన్, ఫిబిగర్ అనే ఇద్దరు పాత వర్గీకరణను కదిపారు. 2011, 2012లో జాహిరి బృందం డీఎన్ఏ పట్టుకుని చూసి, నాక్టుయిడేలో ఉన్నవాటిలో పెద్ద ముక్కను ఎరెబిడే అనే కుటుంబంలోకి మార్చింది. ఆర్క్టియిడే, లైమాంట్రియిడే అని మనం వేరే కుటుంబాలుగా బట్టీ పట్టిన గొంగళి పురుగులు కూడా ఇప్పుడు ఇందులో ఉపకుటుంబాలు. ఎరెబిడే పేరు కొత్తది కాదు, 1815లో లీచ్ పెట్టింది. గ్రీకులో ఎరెబస్ అంటే చీకటి. వానాకాలం రాత్రి వరండా గోడ మీద పెద్ద కన్ను బొమ్మ ఉన్న నల్లటి రెక్కల పురుగు వాలుతుంది చూడండి, దాని పేరే ఎరెబస్ మాక్రాప్స్.

ఇప్పుడు ఈ కుటుంబంలో 24 వేలకు పైగా జాతులు, అందులో ఎక్కువ భాగం వేడి దేశాల్లోనివే. దక్షిణ అమెరికా అడవుల్లో ఉండే థైసానియా అగ్రిపినా రెక్కలు చాస్తే 30 సెంటీమీటర్ల దాకా వస్తుంది. అదీ ఇందులోదే.

డీఎన్ఏ మన చేతిలో లేదు గానీ ఒక గుర్తు మీరే చూడొచ్చు. చచ్చిన పురుగు వెనక రెక్క తీసుకుని, మెత్తటి కుంచెతో పొడి రాల్చి, భూతద్దం కింద పెట్టండి. రెక్క మధ్యలోంచి వచ్చే పెద్ద ఈనె అంచు వైపు కొమ్మలు వేస్తుంది. ఎరెబిడేలో సాధారణంగా ఆ కొమ్మలు 4 కనిపిస్తాయి. లద్దె పురుగు, పచ్చ పురుగు లాంటి నాక్టుయిడేలో ఒక ఈనె బాగా సన్నబడి 3 కొమ్మలే ఉన్నట్టు ఉంటుంది. నూటికి నూరు పాళ్లు కాదు, మినహాయింపులు ఉన్నాయి. వీడియోలో రెండు రెక్కలూ పక్కపక్కన పెట్టి చూపించాను, కెమెరా కొంచెం వణికింది. ఇంకో గుర్తు రెండు కుటుంబాలకూ ఉమ్మడి: ఛాతీ చివర, వెనక రెక్కల మొదట్లో రెండు చెవులు. గబ్బిలం వేసే కేక వినడానికి. ఈ ఎరెబిడేలోనే టైగర్ మాత్ అనే పులిచారల గుంపులో కొన్ని తిరిగి టిక్కుటిక్కుమని చప్పుడు చేసి గబ్బిలాన్ని తికమక పెడతాయి. మన తోట మీద రాత్రిపూట ఇంత యుద్ధం నడుస్తుంటే మనం ఫ్యాన్ వేసుకుని పడుకుంటాం.

సరే, పిల్లపురుగు. యూడోసిమా గురించి చదువుతుంటే ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. మన ఆసియాలో దీని పిల్లలు తినేది తిప్పతీగ కుటుంబం మొక్కల్ని. తిప్పతీగ, దూసరి తీగ, వాటి చుట్టాలు. మొక్కలకూ కుటుంబం ఉంటుంది కదా, దాని పేరు మెనిస్పెర్మేసి. పసిఫిక్ దీవుల్లో అయితే బాడిద చెట్టు జాతి మీద కూడా పెరుగుతాయి, మన దగ్గర ముఖ్యంగా ఈ తీగలే. పుస్తకం మూసి, చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా కంచె దగ్గరికి పోయాను.

తిప్పతీగ ఆకులు కొన్నిచోట్ల ఈనెలు మిగిలేదాకా తినేసి ఉన్నాయి. అంతకుముందు కూడా చూశాను, "ఆకు ఎవరో తింటున్నారులే, కాడ బాగుంది కదా" అని వదిలేశాను. ఆకు వెనక తిప్పితే వెల్వెట్ గుడ్డలాంటి నల్లటి పురుగు, పక్కల తెల్లటి అంచుతో రెండు పెద్ద కళ్లు. నిజం కళ్లు కాదు, బొమ్మ కళ్లు. ముట్టుకోగానే తల కిందికి ముడుచుకుని, తోక పైకెత్తి ఆ బొమ్మ కళ్లను చూపించింది. పిట్ట అయితే పామనుకుని పారిపోతుందేమో. ముందు పొట్ట కాళ్లు పొట్టివి కాబట్టి నడుం ఎత్తుతూ నడుస్తుంది, అచ్చం ఆముదం దాసరి పురుగులా. గుడ్డు 3, 4 రోజుల్లో పగులుతుంది, పిల్లపురుగు రెండు మూడు వారాలు తింటుంది, ఆకులను పట్టుతో కలిపి కుట్టుకుని లోపల కోశంగా మారుతుంది, సుమారు రెండు వారాలకు రెక్కల పురుగు. అంటే దాదాపు నెలా పది రోజుల్లో ఒక తరం. వానలకు తీగ చిగురేస్తుంది, చిగురు మీద తరం పెరుగుతుంది, అది రెక్కలు కట్టే టైముకు నా బత్తాయి రంగు తిరుగుతుంది. అన్నం పెట్టింది నేనే, పండు పెట్టింది నేనే.

కుటుంబం పేరు తెలిస్తే ఏం లాభం అని మీరు అడగొచ్చు. నాకు వచ్చిన లాభం, చూపు కాయ మీద నుంచి కంచె మీదికి మారడం. కానీ కుటుంబం పేరు చూసి తీర్పు చెప్పేయకూడదని కూడా ఇదే కుటుంబం నేర్పింది. దాసరి పురుగు, అదే ఆముదం నామాల పురుగు, ఎకియా జనాటా, అదీ ఎరెబిడేనే. పిల్లగా ఆముదం ఆకు తింటుంది, పెద్దయ్యాక అది కూడా బత్తాయి మీద వాలి రసం తాగుతుంది. వెనక రెక్క నలుపు, మధ్యలో తెల్ల పట్టీ. మనం లద్దె పురుగుకు ఎరపంటగా గట్టు మీద ఆముదం పెడతాం కదా, పండ్ల తోట గట్టున అయితే ఆ ఆముదాన్ని కూడా వారానికోసారి చూడాలి. చూసేటప్పుడు దాసరి పురుగు తోక దగ్గర పొట్ట కింద తెల్లటి చిన్న గూడు అతుక్కుని ఉంటే ఆ పురుగును చంపొద్దు. అది మైక్రోప్లైటిస్ అనే చిన్న కందిరీగ గూడు. ఆ పురుగు పని ఎలాగూ అయిపోయింది, అందులోంచి వచ్చే కందిరీగ మనకు పనికొస్తుంది.

అనంతపురం వైపు వేరుశనగ మిత్రులకు తెలిసిన ఎర్ర గొంగళి పురుగు కూడా ఈ కుటుంబమే, ఇదివరకు ఆర్క్టియిడే అనేవాళ్లం. దాని లెక్క పూర్తిగా వేరు. కోశం నేలలో పడుకుని ఉంటుంది, తొలకరి వాన గట్టిగా పడగానే రెక్కల పురుగులు గుంపుగా బయటికొస్తాయి. వేసవి దుక్కికి, వాన పడ్డ రాత్రుల్లో మంటలకు, దీపపు ఎరలకు బాగా దొరుకుతాయి. మా యూడోసిమాకు అదే దీపపు ఎర పెట్టాను, ఒక్కటి కూడా సరిగా పడలేదు. ఇవి దీపానికి పెద్దగా రావు. కుటుంబం ఒకటే, అలవాటు వేరు. జపాన్‌లో పండ్ల తోటల్లో పసుపు లైట్లు రాత్రంతా వెలిగిస్తారు, ఆకర్షించడానికి కాదు, ఆ వెలుగుకు ఇవి మందగించి తిరగకుండా ఉండటానికి. 4 ఎకరాలకు తీగలు, కరెంటు లెక్కేస్తే నాకు కుదరలేదు.

ఇంకా చెప్పాలంటే ఈ కుటుంబంలో మన వైపు ఉన్నవీ ఉన్నాయి. హెర్మినియినే అనే ఉపకుటుంబం పిల్లపురుగులు చాలావరకు రాలిన ఎండాకులు తింటాయి. మనం ఆచ్ఛాదనగా వేసిన ఆకును ముక్కలు చేసే పనివాళ్లలో ఇవి కూడా ఉంటాయి. యూబ్లెమ్మా అని ఒక చిన్న జాతుల గుంపు ఉంది. అందులో ఒకటి వంగలో ఆకుచుట్టు పురుగు, ఇంకొకటి చెట్లను పీల్చే పొలుసు పురుగుల్ని తింటుంది, మరొకటి లక్క పురుగుల్ని తిని లక్క రైతును ఏడిపిస్తుంది. ఒకే ఇంట్లో ముగ్గురు. యూడోసిమాకు దగ్గరి చుట్టమైన కాలిప్ట్రా జాతుల్లో కొన్నింటి మగ పురుగులు అదే పొడిచే తొండంతో పశువుల రక్తం తాగుతాయి. మలేసియాలో బ్యాన్జిగర్ అనే శాస్త్రవేత్త చూసి 1968లో రాశాడు. భయపడకండి, మన బత్తాయి మీద వాలేది రక్తం జోలికి రాదు.

ఇక నేను చేసింది. కంచె మీద తిప్పతీగ మొత్తం వేర్లతో సహా తీశాను. కాడ ముక్క నేల మీద పడేస్తే మళ్లీ చిగురేస్తుంది, గాలిలో వేలాడినా బతికే మొండి తీగ అది. అందుకే ప్రతి ముక్కా ఏరి తెచ్చి ఎండబెట్టాను. మా ఆవిడ ఊరుకోలేదు. "పొడి ఆర్డర్లు ఏం చెప్తావ్ ఇప్పుడు?" అని అడిగింది. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఎండిన కాడతో ఉన్న ఆర్డర్లు పూర్తి చేసి, కొత్తవి ఆపేశాను. తోటలోపల, గట్ల మీద దూసరి తీగ కూడా పీకించాను. రాలిన కాయను రోజూ పొద్దున్నే ఏరి గుంటలో పూడ్చాను. కుళ్లిన వాసనకే ఇంకా పురుగులు వస్తాయి కాబట్టి ఇది మానకూడదు. కాయ రంగు తిరిగినప్పటినుంచి నేనూ చిన్నాయనా రాత్రి 8 నుంచి 11 దాకా టార్చి, చిన్న వలతో తిరిగి పట్టాం. తాగేటప్పుడు మెల్లగా వల కప్పితే దొరుకుతుంది. దానిమ్మ వాళ్లు కాయలకు సంచులు తొడిగితే అన్నిటికన్నా మేలు. బత్తాయి చెట్టుకు ఉన్న కాయలన్నిటికీ తొడగడం అయ్యే పని కాదు, కింది కొమ్మలకే కట్టాను. ముందు పండిన చెట్లను ఆలస్యం చేయకుండా కోసేశాను.

ఈ సీజన్ రాలడం తగ్గింది, ఆగలేదు. తీగ తీసినందుకా, రాత్రిళ్లు పట్టినందుకా అని విడదీసి చెప్పలేను, రెండూ కలిపే చేశాను. మా పక్కన గుట్ట ఉంది, గుట్ట నిండా దూసరి తీగ. ఈ పురుగు బాగా దూరం ఎగురుతుంది. గుట్టను నేను శుభ్రం చేయలేను, చేయకూడదు కూడా. మేకలు, పిట్టలు, ఇంకా ఎన్నో దాని మీద బతుకుతున్నాయి. నా కంచె మాత్రం నా చేతిలో ఉంది.

పంట పొలాలు మాత్రమే ఉన్నవాళ్లు, దగ్గర్లో పండ్ల తోట లేనివాళ్లు తిప్పతీగ నిక్షేపంగా పెంచుకోండి. మీ పక్క రైతుకు తోట ఉంటే మాత్రం ఒకసారి ఆయనతో మాట్లాడండి.

ఒక్క తీగ మాత్రం ఉంచుకున్నాను, ఇంటి వెనక వేపచెట్టుకు. ప్రతి ఆదివారం మా పాప, నేను ఆకులు తిప్పి చూస్తాం. గుడ్లు ఆకు కింద లేత పసుపుగా గుండ్రంగా ఉంటాయి. నల్లబడిన గుడ్లు కనిపిస్తే అవి తీయం, లోపల ట్రైకోగ్రామా లాంటి బుల్లి కందిరీగలు ఉంటాయి. మిగతావి ఏరేస్తాం. పోయిన ఆదివారం 7 పిల్లపురుగులు దొరికాయి. 6 కోళ్లకు వేశాం. ఒకదాన్ని పాప సీసాలో పెట్టి, మూతికి పలచటి గుడ్డ కట్టి, రోజూ ఆకు వేస్తోంది. కోశం కట్టగానే తేదీ రాసి పెట్టమని చెప్పాను. అది రెక్కలతో బయటికొచ్చిన రోజు వీడియో పెడతాను.